పట్టు కెరటిన్ కాదు: ప్రోటీన్ నిర్మాణ బోధనలో పదం, ఉపమానం, ఉదాహరణ

కీలక పదాలు: మాంసకృత్తులు, ఫైబ్రోయిన్, కెరటిన్, కొలాజెన్, పారిభాషిక పదం, గద్వాల పట్టు, గొంగడి, పాలమూరు

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న నడిగడ్డలో నేసే గద్వాల చీర మధ్యభాగం నూలు. అంచు, కొంగు పట్టు. ఈ రెంటినీ విడివిడిగా నేసి తరువాత కుట్టరు. నూలు పేక, పట్టు పేక ఒకదానినొకటి పట్టుకొనేటట్లు మగ్గం మీదనే కలుపుతారు. రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే ఆ కలయిక రేఖకు ఒక పక్కన కార్బోహైడ్రేట్, మరొక పక్కన ప్రోటీన్ ఉన్నాయి. నూలులోని సెల్యులోజ్ గ్లూకోజ్ ప్రమాణాల గొలుసు; పట్టులోని ఫైబ్రోయిన్ ఆమైనో ఆమ్లాల గొలుసు. పోగును వెలిగించి చూసే పాత పరీక్ష పట్టించేది ఈ భేదాన్నే. నూలు కాలితే కాగితం కాలిన వాసన వస్తుంది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

అయితే ఈ పరీక్షలో ఒక చిక్కు ఉంది. వాసన ఒకటే కనుక పట్టు, వెంట్రుక ఒకే పదార్థమని భావించే అవకాశం ఉంది. రెండూ ప్రోటీన్లే, కానీ ఒకే ప్రోటీన్ కావు. ఈ తేడాను స్పష్టం చేయవలసిన చోటనే పాఠ్యపుస్తకం తడబడింది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పన్నెండవ తరగతి రసాయనశాస్త్ర పుస్తకం, జీవాణువుల అధ్యాయంలో తంతు ప్రోటీన్లకు ఉదాహరణగా కెరటిన్‌ను పేర్కొని, అది వెంట్రుకలలోను, ఉన్నిలోను, పట్టులోను ఉంటుందని చెబుతుంది. మొదటి రెండూ సరైనవి. మూడవది తప్పు. పట్టుపురుగు తన గ్రంథుల నుండి స్రవించేది ఫైబ్రోయిన్. దానిని చుట్టి ఉండే జిగురు సెరిసిన్. కెరటిన్ చర్మకణాల లోపల ఏర్పడి, ఆ కణాలు మృతిచెందిన తరువాత గట్టిపడి మిగిలే పదార్థం. ఒకటి స్రావం, మరొకటి కణ శేషం. పుట్టుక, కూర్పు, ఆకృతి మూడింటిలోనూ వాటి దారులు వేరు.

ఒక్క పదం పొరపాటును ఇంతగా పరిశీలించడం అవసరమా అనే ప్రశ్న రావచ్చు. ఇతర ప్రాంతాల విద్యార్థికి పట్టు పుస్తకంలోని ఉదాహరణ మాత్రమే కావచ్చు. గద్వాలలో, ఆ చుట్టుపక్కల వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో చదువుకొనే విద్యార్థికి అది కళ్ళ ఎదుట ఉన్న వస్తువు. ఎరుక ఉన్న చోట చెప్పిన తప్పు, ఎరుక లేని చోట చెప్పిన తప్పు కన్న ఎక్కువ నష్టం చేస్తుంది. అది చూసినదానిని అవిశ్వసించమని నేర్పుతుంది.

పదం: మాంసకృత్తు

తెలుగులో ప్రోటీన్‌కు చిరకాలంగా వాడుకలో ఉన్న మాట మాంసకృత్తు. మాంసాన్ని చేసేది అని దాని వ్యుత్పత్త్యర్థం. ప్రోటీన్ అనే పేరును బెర్జీలియస్ సూచించగా, 1838లో డచ్చి రసాయనవేత్త ముల్డర్ ప్రచారంలోకి తెచ్చాడు. ప్రథమ స్థానంలో ఉన్నది అనే గ్రీకు అర్థం తప్ప అందులో మాంసం ప్రసక్తి లేదు. ఆహారంలోని నత్రజని పదార్థాలు దేహధాతువులను నిర్మిస్తాయని, తక్కినవి శ్వాసక్రియకు ఇంధనమవుతాయని లీబిగ్ 1840ల దశకంలో చేసిన విభజన యూరప్ ఆహారశాస్త్రాన్ని చాలాకాలం ప్రభావితం చేసింది. తెలుగు పదం ఈ రెండవ భావనకే దగ్గరగా ఉంది. అంటే తెలుగు పాఠకునికి ప్రోటీన్ మొదట పరిచయమైనది అణువుగా కాదు, ఆహారంగా.

ఈ పదాన్ని తప్పుపట్టడం సులభం. గొంగడిలోని ఉన్ని మాంసాన్ని చేయదు. పట్టు తినే వస్తువు కాదు. జెలటిన్ నిస్సందేహంగా ప్రోటీన్. అయినా ఎముకల నుండి తీసిన జెలటిన్ మాత్రమే పెట్టి జంతువులను బ్రతికించలేమని మాజాండీ నేతృత్వంలోని ఫ్రెంచి అకాడమీ సంఘం 1841లోనే తేల్చింది. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే ఆవశ్యక ఆమైనో ఆమ్లం లేదన్న కారణం చాలా తరువాత తెలిసింది. మాంసాన్ని చేయలేని మాంసకృత్తు ఒకటి ఉందన్నమాట.

అయినా పదం మీద మోపిన ఈ నేరం నిలవదు. ఆక్సిజన్‌కు ఆమ్లజని అనే తెలుగు పేరు లావోయిజర్ పొరపాటును యథాతథంగా మోస్తున్నది. ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉండి తీరుతుందని ఆయన భావించాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని తరువాత రుజువైంది. ఆ పేరు వల్ల ఏ విద్యార్థీ రసాయనశాస్త్రంలో తప్పలేదు. పారిభాషిక పదం వాడుకలో అరిగి తన వ్యుత్పత్తిని వదులుకుంటుంది. వేమూరి వేంకటేశ్వరరావు ప్రోటీన్‌కు ప్రాణ్యం అనే మాటను వాడారు. ప్రాథమ్యాన్ని, ప్రాణాన్ని ఒకేసారి స్ఫురింపజేసే ఆ పదం మాంసకృత్తు కన్న ఉదారమైనది. కానీ తరగతి గదిలో అది నిలదొక్కుకోలేదు. నేటి పాఠ్యపుస్తకాలు ప్రోటీన్ అనే మాటతోనే సాగుతున్నాయి. పోషణను చర్చించేటప్పుడు మాంసకృత్తు, నిర్మాణాన్ని చర్చించేటప్పుడు ప్రోటీన్ అనే సద్దుబాటు దానంతట అదే ఏర్పడింది. దానిని చెడగొట్టవలసిన పని లేదు. చిక్కు పదంలో కన్న, పదం తరువాత వచ్చే ఉపమానంలోను, ఉదాహరణలోను ఉంది.

ఉపమానం: పూసలు, ముడతలు

ఆమైనో ఆమ్లాలు పూసలు, ప్రోటీన్ పూసల దండ. తెలుగులో జనరంజక విజ్ఞాన వ్యాసాలు, తరగతి పాఠాలు తరచుగా ఆశ్రయించే పోలిక ఇది. వరుస అనే భావనను ఇది చక్కగా అందిస్తుంది. ఇరవై రకాల పూసలతో ఎన్ని దండలైనా గుచ్చవచ్చునని పిల్లలకు సైతం అర్థమవుతుంది. అయితే దండలో పూసలను పట్టి ఉంచేది దారం. ప్రోటీన్‌లో వేరే దారం లేదు. ఒక ఆమైనో ఆమ్లపు కార్బాక్సిల్ సమూహం, మరొకదాని ఆమైనో సమూహం నేరుగా కలుస్తాయి. ఒక నీటి అణువు తొలగిపోతుంది. గ్లైసిన్ అణుభారం 75, అలనిన్‌ది 89. రెండూ కలిసి ఏర్పడే డైపెప్టైడ్ అణుభారం 164 కాక 146 కావడానికి కారణం ఆ పోయిన 18. దండకు ఏ కొస నుండి చూసినా ఒకటే. ప్రోటీన్ గొలుసుకు ఒక చివర స్వేచ్ఛగా ఉన్న ఆమైనో సమూహం, మరొక చివర కార్బాక్సిల్ సమూహం ఉంటాయి కనుక గ్లైసిన్-అలనిన్, అలనిన్-గ్లైసిన్ వేరువేరు పదార్థాలు.

ఇంతకంటె ముఖ్యమైన లోపం మరొకటి. దండ ఎటు వంచితే అటు వంగుతుంది. పెప్టైడ్ బంధం అలా వంగదు. అందులోని కార్బన్-నత్రజని బంధానికి పాక్షికంగా ద్విబంధ స్వభావం ఉంది. దాని పొడవు సుమారు 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు, సాధారణ ఏకబంధం కన్న తక్కువ. దాని చుట్టూ గొలుసు స్వేచ్ఛగా తిరగదు. పెప్టైడ్ సమూహం ఒక చదునైన పలక వంటిది. పలకకూ పలకకూ మధ్యనున్న కార్బన్ దగ్గర మాత్రమే మెలిక సాధ్యం. అక్కడ కూడా అన్ని కోణాలూ సాధ్యం కావని, పరమాణువులు ఒకదానినొకటి తగులుకొనే కోణాలు నిషిద్ధమని జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ మద్రాసులో 1963లో లెక్కగట్టి చూపారు. లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ 1951లో ఆల్ఫా సర్పిలాన్ని, బీటా పలకను ప్రతిపాదించగలిగినది ఈ చదునుతనాన్ని పట్టుకొన్నందువల్లనే. అప్పటి పోటీదారులు దానిని పట్టించుకోక విఫలమయ్యారు. పూసల దండ ఉపమానం విద్యార్థి నుండి దాచిపెట్టేది సరిగ్గా ఈ విషయాన్నే. ఎటైనా వంగే దండ నుండి నిర్ణీతమైన ఆకృతి ఎందుకు పుడుతుందో ఎవరూ చెప్పలేరు.

బీటా నిర్మాణాన్ని ముడతల పలక అనడంలోనూ ఇటువంటి జారుపాటే ఉంది. ముడత క్రమం లేనిది. ఇస్త్రీ చేసి తొలగించవలసినది. పౌలింగ్ ఉద్దేశించినది సమానమైన ఎడంతో, ఒకే కోణంలో పైకీ క్రిందికీ మడిచిన పొర. అందుకు తెలుగులో మాట లేకపోలేదు. చీర కట్టేటప్పుడు పెట్టేవి కుచ్చిళ్ళు, ముడతలు కావు. కుచ్చిళ్ళ పలక అన్నప్పుడు క్రమం, పునరావృత్తి, ఉద్దేశం మూడూ వచ్చి చేరుతాయి. ఇంగ్లీషు పదానికి మూలం వస్త్రపు మడతే అయినప్పుడు తెలుగు ఆ వస్త్రాన్ని వదిలి చర్మపు ముడతను ఎందుకు ఎన్నుకోవాలో తెలియదు.

మగ్గాలున్న ఊరి ఉదాహరణ కనుక బీటా పలకను అల్లికగా వర్ణించాలనే ఉత్సాహం కలగవచ్చు. దానిని అదుపులో ఉంచుకోవాలి. బట్టలో పడుగు ఉంది, దానికి అడ్డంగా పేక ఉంది. బీటా పలకలో ఉన్నవన్నీ పడుగుపోగులే. పక్కపక్కన పరచుకొన్న గొలుసులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. ఏ గొలుసూ మరొకదాని పైనుండి క్రిందికి దూరదు. ప్రాంతీయమైనంత మాత్రాన ఉపమానం సరైనది కాజాలదు.

ఉదాహరణ: పట్టు, గొంగడి, తోలు

తంతు ప్రోటీన్ల నిర్మాణ చరిత్ర ప్రధానంగా మూడు పదార్థాల చుట్టూ తిరిగింది: పట్టులోని ఫైబ్రోయిన్, ఉన్నిలోని కెరటిన్, తోలులోని కొలాజెన్. ఈ మూడూ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడిన పాలమూరులో, చేతివృత్తుల ముడిసరుకులు. గద్వాల నేతకాని చేతిలో పట్టు. దక్కనీ నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించే కురుమల చేతిలో కెరటిన్. లందలో తంగేడు చెక్కతో తోళ్ళు ఊనిన మాదిగ వృత్తికారుల చేతిలో కొలాజెన్. పాఠ్యపుస్తకం ఒకే కుండలీకరణంలో కలిపి కుదించిన పదార్థాలు ఇక్కడ వేరువేరు కులవృత్తులుగా, వేరువేరు పనిముట్లతో, వేరువేరు జాగ్రత్తలతో నిలిచి ఉన్నాయి. ఆ వేరుతనానికి అణుస్థాయిలో కారణముంది.

మల్బరీ పట్టుపురుగు ఫైబ్రోయిన్‌లో ప్రధానమైన భారీ గొలుసు పూర్తి వరుస 2000లో ప్రచురితమైంది. 5,200కు పైగా అవశేషాలు గల ఆ గొలుసులో దాదాపు 46 శాతం గ్లైసిన్, 30 శాతం అలనిన్, 12 శాతం సెరిన్. మూడూ చిన్నవే. గ్లైసిన్-అలనిన్-గ్లైసిన్-అలనిన్-గ్లైసిన్-సెరిన్ అనే ఆరు అక్షరాల పల్లవి మరల మరల వస్తుంది. గ్లైసిన్ ఒకటి విడిచి ఒకటిగా రావడం వల్ల, గొలుసు చాపుకొని పలకగా మారినప్పుడు గ్లైసిన్ హైడ్రోజన్‌లన్నీ పలకకు ఒక వైపున, అలనిన్, సెరిన్ పార్శ్వ సమూహాలు రెండవ వైపున చేరతాయి. పలకలు ఒకదానిపై ఒకటి పేర్చుకొన్నప్పుడు గ్లైసిన్ వైపులు ఎదురెదురైతే ఎడం సుమారు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అలనిన్ వైపులు ఎదురైతే 5.7. మార్ష్, కోరీ, పౌలింగ్ 1955లో ప్రతిపాదించిన ఈ నమూనాకు తరువాత సవరణలు వచ్చినా, వరుస నుండి ఆకృతి ఎలా పుడుతుందో చూపడానికి దానికి సాటి ఉదాహరణ అరుదు.

గద్వాల చీరల అంచులకు మల్బరీ పట్టుతోపాటు టస్సర్ పట్టును వాడిన సంప్రదాయం కూడా ఉంది. టస్సర్ పురుగు ఫైబ్రోయిన్‌లో అలనిన్ పాలు గ్లైసిన్ కన్న ఎక్కువ. అలనిన్‌లు వరుసగా గుంపులు కట్టి ఉంటాయి. పలకల మధ్య ఎడం కూడా మారుతుంది. అందువల్ల పట్టు అనేది సైతం ఒకే ప్రోటీన్ పేరు కాదు, ఒక కుటుంబం పేరు.

ఉన్నిలో కథ వేరు. ఆల్ఫా కెరటిన్ గొలుసు చాపుకోదు, సర్పిలంగా చుట్టుకుంటుంది. ఒక్కొక్క చుట్టుకు 3.6 అవశేషాలు, అక్షం వెంట ఒక్కొక్క అవశేషం ఆక్రమించేది 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే. పట్టులో అది సుమారు 3.5. తడిపి లాగిన ఉన్నిపోగు ఎంతగానో సాగడానికి, పట్టుపోగు అంతగా సాగకపోవడానికి మూలం ఈ రెండు అంకెలలో ఉంది. ఉన్నిలో విప్పడానికి చుట్లు ఉన్నాయి. పట్టు ముందే చాపుకొని ఉంది. పైగా కెరటిన్‌లో సిస్టీన్ అధికం. పొరుగు గొలుసులను గంధకపు వంతెనలు కలుపుతాయి. పట్టు ఫైబ్రోయిన్‌లో సిస్టీన్ అత్యల్పం.

పాఠ్యపుస్తకపు పొరపాటుకు బీజం ఈ చోటనే ఉండవచ్చు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్నిని ఎక్స్-కిరణాలతో పరిశీలించిన విలియం ఆస్ట్‌బరీ 1930ల దశకంలో సాగదీయని రూపాన్ని ఆల్ఫా అని, సాగదీసిన రూపాన్ని బీటా అని పిలిచాడు. ఆ బీటా కెరటిన్ ఛాయాచిత్రం పట్టు ఛాయాచిత్రాన్ని పోలి ఉంది. రెండింటిలో గొలుసులు చాపుకొని ఉండడమే ఆ పోలికకు కారణం. ఆకృతిలోని పోలిక కాలక్రమంలో పదార్థాల ఏకత్వంగా జారిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. ద్వితీయ నిర్మాణం ఒకటైనంత మాత్రాన ప్రోటీన్ ఒకటి కాదన్నది ఈ అధ్యాయం బోధించవలసిన మొదటి పాఠాలలో ఒకటి. ఆ పాఠానికి విరుద్ధమైన ఉదాహరణ అదే అధ్యాయంలో చోటు చేసుకోవడం విచారకరం.

మూడవది తోలు. కొలాజెన్‌లోనూ గ్లైసిన్ విస్తారమే, మొత్తంలో మూడవ వంతు. కానీ అక్కడ అది ఒకటి విడిచి ఒకటిగా కాక ప్రతి మూడవ స్థానంలో వస్తుంది. మిగిలిన స్థానాలలో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువ. మూడు గొలుసులు పెనవేసుకొని తాడు అవుతాయి. తాడు నడుమ ఇరుకైన చోట పట్టేది పార్శ్వ గొలుసు లేని గ్లైసిన్ ఒక్కటే. ఈ త్రిసర్పిల నమూనాను రామచంద్రన్, గోపీనాథ్ కార్తా 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ప్రకటించారు. అదే గ్లైసిన్ రెండవ స్థానంలో వస్తే పలక, మూడవ స్థానంలో వస్తే తాడు. పూసలెన్ని, ఏ రంగువి అన్నంత మాత్రాన తేలని విషయం ఇది. తంగేడు చెక్కలోని టానిన్ ఈ తాళ్ళ మధ్య చేరి, ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలతో వాటిని పట్టి ఉంచుతుంది. ఊనిన తోలు పచ్చితోలు కన్న ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, కుళ్ళదు. ఊనని తోలును నీటిలో ఉడికిస్తే తాడు పురివిడి జెలటిన్ అవుతుంది. ప్రోటీన్ స్వభావహరణానికి పుస్తకాలు తరచుగా ఉడికిన కోడిగుడ్డును చూపుతాయి. పెప్టైడ్ బంధాలు చాలావరకు చెదరకుండానే ఆకృతి పోవడం అంటే ఏమిటో సరేసు మరింత స్పష్టంగా చూపుతుంది; గుడ్డులో గడ్డకట్టడం కనిపిస్తుంది, సరేసులో పురి విడిపోవడం కనిపిస్తుంది. ఈ జ్ఞానం తరగతి గదిలోకి రాకపోవడానికి రసాయనశాస్త్రం కారణం కాదు. తోలు పని చేసిన వారి పట్ల సమాజం పాటించిన దూరం ఉదాహరణల ఎంపికలోనూ కనిపిస్తుంది.

తినే ప్రోటీన్

మాంసకృత్తు అనే పదం తన సొంత క్షేత్రమైన ఆహారంలో కూడా నిర్మాణాన్ని తప్పించుకోలేదు. ఈ మూడు జిల్లాలలో విస్తారంగా పండే వేరుసెనగలో నాలుగవ వంతు ప్రోటీన్. అందులో అధికభాగం అరాచిన్, కోనరాచిన్ అనే గోళాకార నిల్వ ప్రోటీన్లు. జొన్నలో శాతం తక్కువ, లైసిన్ మరీ తక్కువ. సాధారణంగా పోషణ పట్టిక ఇక్కడితో ఆగిపోతుంది. కానీ జొన్నలోని ముఖ్య ప్రోటీన్ కాఫిరిన్‌కు ఒక విచిత్ర స్వభావం ఉంది. పిండిని నీటిలో ఉడికించినప్పుడు కాఫిరిన్ అణువుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి జీర్ణరసాలకు అందకుండా పోతాయి. అందువల్ల ఉడికించిన జొన్నలో ప్రోటీన్ జీర్ణత తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. ఉడికిస్తే ప్రోటీన్ సులభంగా జీర్ణమవుతుందనే సాధారణ సూత్రానికి ఇది అపవాదం. గింజలో ఎంత ఉంది అన్నది ఒక ప్రశ్న, ఉన్నది ఏ ఆకృతిలో ఉంది అన్నది వేరొక ప్రశ్న. గొంగడిని గట్టిపరిచే గంధకపు వంతెనే సంకటిలో పోషణకు అడ్డు తగులుతున్నదన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పదగినది; అయినా పాఠాలు ఆహారాన్ని ఒక అధ్యాయంలోను, తంతువులను మరొక శీర్షిక క్రిందను ఉంచి ఈ రెంటికీ ముఖపరిచయం లేకుండా చేశాయి.

పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని దిద్దడం కష్టం కాదు. కెరటిన్ పక్కన వెంట్రుక, ఉన్ని మాత్రమే ఉంచి, పట్టు పక్కన ఫైబ్రోయిన్ అని చేర్చితే చాలు. దిద్దుబాటు అచ్చుకు వచ్చేదాకా అధ్యాపకుడు వేచి ఉండనక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలో సాధారణంగా లభించే సోడియం హైడ్రాక్సైడ్, లెడ్ అసిటేట్ ఇందుకు సరిపోతాయి. 5 శాతం క్షార ద్రావణంలో మూడు పోగులను విడివిడిగా మరిగిస్తే గొంగడి ఉన్ని త్వరగా, గద్వాల అంచులోని పట్టు కొంత నెమ్మదిగా కరుగుతాయి. చీర మధ్యభాగపు నూలు కరగక మిగులుతుంది. ఉన్ని కరిగిన ద్రావణంలో లెడ్ అసిటేట్ చుక్కలు వేస్తే, సిస్టీన్ నుండి విడివడిన గంధకంతో సీసం కలిసి నల్లని లెడ్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. పట్టు కరిగిన ద్రావణం నల్లబడదు.